రివర్సు గేరులో అయిదు మైళ్లు

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగ జీవితంలో నేను చేసిన గట్టి పని ఏదంటే తడుముకోకుండా చెప్పగలను. చెడ్డ పని ఏదన్నా తడుముకోను. ఎందుకంటే రెండూ ఒకటే. అది ఫ్యాక్టరీలో చేసిన పని కాదు. ఎవరూ నన్ను చెయ్యమని అడగనూ లేదు. అడగని పని నెత్తికెత్తుకున్నవాడి కథ ఇది. కొత్తగా పనిముట్లు పట్టిన అబ్బాయిలూ, అమ్మాయిలూ కాస్త ఓపిక పట్టి చదవండి. మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తుంది. తిట్టండి, కాదనను. కాకపోతే చివరిదాకా ఆగి తిట్టండి. ఎందుకు ఆగమన్నానో అక్కడ తెలుస్తుంది.

మాది కృష్ణా జిల్లా. ఐటీఐలో ఫిట్టరు పని నేర్చుకుని, పటాన్‌చెరు దగ్గర ఒక ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో, టూల్ రూములో చేరాను. అప్పటి పటాన్‌చెరు వేరు. ఒక పక్క షెడ్లు లేస్తున్నాయి, ఇంకో పక్క జొన్నచేలు అలాగే ఉన్నాయి. మా వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది బీరంగూడలో గదులు తీసుకున్నారు. నేను సంగారెడ్డిలో కిరాయికి దిగాను. అక్కడ ఇల్లుగలావిడ చారు అమోఘంగా పెడుతుందని ఎవడో చెప్పాడు. అది పచ్చి అబద్ధమని తెలిసేసరికే నా సామాను దిగిపోయింది.

టూల్ రూము సంగతి చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. ఫ్యాక్టరీలో మిగతావాళ్లకు కావలసిన అచ్చులు, కొలత పరికరాలు మేము చేసేవాళ్లం. ఒక వెంట్రుకను నిలువునా నాలుగుగా చీలిస్తే ఒక చీలిక ఎంత ఉంటుందో, మా పొరపాటు అంతకు మించకూడదు. మా చార్జ్‌మన్, అంటే మా పని చూసే పైవాడు, తమిళుడు. ఆయనకు బాగా పట్టుబడిన తెలుగు మాట 'వదులు' ఒక్కటే. ఎవడి పనైనా వదులుగా వచ్చిందంటే, దాన్ని ఇనుపతీగకు కట్టి వాడి బెంచీ మీదున్న మేకుకు వారం రోజులు వేలాడదీసేవాళ్లు. వచ్చేవాడూ పోయేవాడూ దాన్ని వేలితో ఒకటి కొట్టి పోవడం ఆచారం. అది గలగలమనేది. టీ బండి తోసుకొచ్చే ఆయన కూడా వదిలేవాడు కాదు.

చేరిన మూడో నెలలో నేను చేసిన బుష్షు ఒకటి ఆ మేకెక్కింది. బుష్షు అంటే రంధ్రంలో కూర్చునే చిన్న గొట్టం ముక్క. ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా మధ్యలో తను అరిగిపోతుంది. వారం రోజులు ఆ గలగల విన్నాను. అన్నం దగ్గర కూర్చున్నా చెవుల్లో అదే మోత. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ఆ తర్వాత నా చేతి నుంచి వదులు పని రాలేదు. పక్కింటి తలుపు గడియ కాస్త కదిలితే చాలు, అడక్కుండానే వెళ్లి బిగించి వచ్చేవాణ్ణి. వాళ్లకి ఆ తర్వాత తలుపు తీయడానికి ఇద్దరు కావాల్సి వచ్చేది. అది వేరే సంగతి.

నా గదికి ఎదురుగా ఒక చిన్న కాన్పుల ఆసుపత్రి ఉండేది. ఒకే ఒక డాక్టరమ్మ. యాభై ఏళ్ల మనిషి, మగవాళ్ల చేతి గడియారం పెట్టుకునేది, మాట తక్కువ. ఆ ఆసుపత్రికి యుద్ధకాలం నాటి పెద్ద నల్ల అమెరికా కారు ఉండేది. ఎవరో జాగీర్దారు ఇంటివాళ్లు, కాన్పులో తమ కోడలు బతికి బయటపడిందని ఇచ్చేశారట. రెండు పక్కలా, తలుపుల కింద, మనిషి నిలబడటానికి వీలుగా పొడవాటి మెట్లు. లోపల వెనక సీటు మీద ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు.

ఆ కారుకి గేరు కింద ఉండదు. స్టీరింగు కింద పక్కకి పొడుచుకు వచ్చి ఉంటుంది. చేతి గేరు అనేవాళ్లం. దాన్ని కదిపితే స్టీరింగు గొట్టం అడుగున ఉన్న రెండు చిన్న మీటల్లో ఒకటి కదులుతుంది. మీట ఒక కడ్డీని లాగుతుంది. కడ్డీ పోయి గేరు పెట్టెను లాగుతుంది. ఒక కడ్డీ మొదటి గేరుకీ రివర్సుకీ, రెండోది మిగతా రెండు గేర్లకీ. పాతికేళ్లకు పైగా లాగీ లాగీ ఆ కడ్డీల చివర రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోయాయి. అందుకని ఒక్కోసారి మీటలు రెండూ ఒకదాన్నొకటి తట్టుకుని, గేరు ఎటూ పోకుండా ఇరుక్కునేది.

ఇరుక్కున్నప్పుడల్లా డ్రైవరు తాపీగా దిగేవాడు. బానెట్ ఎత్తి, చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టేవాడు. చూసేవాడు కాదు, ఎటో ఆకాశంలోకి చూస్తూ తడిమేవాడు. లోపల 'టక్' మనేది. చెయ్యి తుడుచుకుని, ఎక్కి, పోయేవాడు. పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడే నాకు రోజూ ఇదే దర్శనం. నా ఒళ్లు మండిపోయేది.

ఆ డ్రైవరుకు అరవై దాటాయి. హత్నూర దగ్గర పల్లెటూరు ఆయనది. చిన్నప్పుడు ఎడ్లబండి తోలాడు, ఆ తర్వాత ఒక దొర దగ్గర కారు తోలాడు, చివరికి ఇక్కడ కుదిరాడు. అందరూ కాకా అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను.

"ఎన్నాళ్ల నుంచి ఇలా చెయ్యి పెట్టి తీస్తున్నారు కాకా?" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"పదిహేనేండ్లాయె."

"బాగు చేయించకూడదూ?"

"బాగనే ఉన్నది గదా. పిలిస్తె పలుకుతది. జెర చెయ్యి వెట్టాలె, గంతే."

"చెయ్యి పెట్టాల్సి వస్తే అది బాగున్నట్టా?"

"ముసలవ్వ బస్సెక్కుతుంటె చెయ్యందిస్తవా లేదా? గిది గూడ గంతే తమ్మీ," అని నవ్వాడు.

అంతటితో ఊరుకోకుండా ఆయన తన వైద్యం కూడా చూపించాడు. పాత చెప్పుల తోలు గుండ్రంగా కోసి, ఆముదంలో నానబెట్టి, అరిగిన రంధ్రాల్లో ఇరికించేవాడట. మూడు నెలలకోసారి కొత్త తోలు. అమెరికా కారుకి చెప్పు తోలు! నాకు తల కొట్టేసినట్టయింది. అదే రోజు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, రెండు ఆదివారాలు ఇస్తే దీన్ని కొత్తదానిలా చేసి ఇస్తానన్నాను.

"డ్రైవరుగారు ఒప్పుకుంటే చెయ్యి," అందామె.

కాకా బానెట్ మీద చెయ్యి వేశాడు. "చెయ్యి తమ్మీ. నీ చేతుల పనుందని అందరంటున్నరు. గని ఒక్క మాట. జెర లూజు ఉంచు."

"లూజా!"

"ఇంజను రబ్బర్ల మీద కూసుంటది. ఊగుతది. స్టీరింగు ఊగదు. ఊగేదాన్నీ ఊగనిదాన్నీ కలిపే కడ్డీ గిది. దానికి జెర సందియ్యాలె."

ఇంత స్పష్టంగా చెప్పాడండీ. ఏ ఇంజనీరింగు కాలేజీలోనూ ఇంతకంటే బాగా చెప్పరు. నేను తల ఊపాను. ఊపి, టూల్ రూములో మూడేళ్లు పని చేసిన నాకు చెప్పుల తోలు మనిషి పాఠం చెప్పడమేమిటని మనసులో అనుకున్నాను.

పాత కంచు ముక్క సంపాదించి, మధ్యాహ్నం భోజనం వేళ లేతు యంత్రం మీద బుష్షులు తీశాను. ఆసుపత్రి పని అని చార్జ్‌మన్ ఒప్పుకున్నాడు. మీటనీ కడ్డీనీ కలిపే కొత్త పిన్నులు చేసి సాన పట్టాను. పిన్ను బుష్షులోకి వేలితో నొక్కితే నెమ్మదిగా, గాలి కూడా దూరనంత బిగువుగా జారింది. చార్జ్‌మన్ దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "గుడ్" అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం సర్వీసులో రెండోసారి అని పక్కవాళ్లు లెక్క చెప్పారు. నూనె పోసుకునే రంధ్రం పెట్టలేదు. నూనె ఉంటే దుమ్ము పట్టుకుంటుందని నా తెలివి. అంతటితో ఆగానా? పిన్ను ఊడిపోకుండా దాని చివర చీలిక మేకు పెట్టడం మామూలు. అది కాస్త కదులుతుంది, చప్పుడు చేస్తుంది. నాకు చప్పుడంటే తెలుసుగా! అందుకని పిన్నుల కొనలు సుత్తితో కొట్టి, పుట్టగొడుగు తలలా చదును చేసి రివిట్లు వేసేశాను. "ఇక జన్మలో ఊడదు," అన్నాను కాకాతో. నిజమే చెప్పాను.

గేరు వేస్తే వెన్నలో చెయ్యి పెట్టినట్టు పడింది. డాక్టరమ్మ ఒకసారి ఎక్కి చూసి, "కొత్త కారులా ఉందే!" అంది. కాకా నాలుగుసార్లు గేరు మార్చి, "మస్తు జేసినవ్," అన్నాడు. తర్వాత బానెట్ ఎత్తి, అలవాటు ప్రకారం చెయ్యి లోపలికి పెట్టి, కడ్డీని కాసేపు పట్టుకున్నాడు.

"ఊపిరి తీస్తలేదు తమ్మీ," అన్నాడు.

నేను నవ్వాను. మర్నాడు ఫ్యాక్టరీలో చెప్పాను, అందరూ నవ్వారు. కారు ఊపిరి తీస్తుందట!

ఇరవై రోజులు గడిచాయి. వేసవి మొదలైంది, దుమ్ము మొదలైంది. ఒక ఆదివారం పదకొండు గంటల వేళ ఆసుపత్రి గేటు దగ్గర కాకాతో కబుర్లు చెబుతున్నాను. కబుర్లంటే, గేరు ఎలా ఉందని అడిగి పొగిడించుకోవడం. అప్పుడు ఒక రైతు సైకిలు తొక్కుకుంటూ వచ్చి పడ్డాడు. సంగారెడ్డి నుంచి హత్నూర దారిలో, లోపలికి అయిదు మైళ్ల దూరంలో వాళ్ల ఊరు. భార్యకి నిన్న సాయంత్రం నుంచి నొప్పులు, మంత్రసాని చేతులెత్తేసింది. డాక్టరమ్మ సంచి పట్టుకుని కారెక్కింది. ఆ రైతు సైకిలుని కారు వెనక కట్టారు.

"రా తమ్మీ, నీ గేరు ఎట్ల ఉరుకుతదో సూద్దువు," అన్నాడు కాకా. ముందు సీట్లో దర్జాగా కూర్చున్నాను.

బండ్ల బాట. గుంతల్లో కారు ఊగుతుంటే ఇంజను కూడా లోపల ఊగుతూనే ఉంది. నేను దాన్ని పట్టించుకోలేదు. ఊళ్లోకి చేరాం. డాక్టరమ్మ లోపలికి వెళ్లి పావుగంటలో బయటికి వచ్చింది.

"బిడ్డ అడ్డం తిరిగింది. చెయ్యి బయటికి వచ్చేసింది. ఇక్కడ నేనేం చెయ్యలేను. గంటలో ఆపరేషన్ బల్ల మీద ఉండాలి. లేకపోతే ఇద్దరూ దక్కరు," అంది.

మంచంతో సహా మోసుకొచ్చి ఆ అమ్మాయిని వెనక సీటు మీద పడుకోబెట్టారు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. తల వైపు అత్తగారు కూర్చుంది. డాక్టరమ్మ సీటుకీ సీటుకీ మధ్య మోకాళ్ల మీద కూర్చుంది. కాకా కారు తిప్పడానికి రివర్సు వేసి, రెండు గజాలు వెనక్కి వచ్చి, మొదటి గేరులోకి లాగాడు.

రాలేదు. ఇంకోసారి లాగాడు. రాయిలా ఉంది.

కాకా దిగి బానెట్ ఎత్తాడు. చెయ్యి పెట్టాడు. ఎప్పటిలా ఆకాశంలోకి చూడలేదు, నా వైపు చూశాడు. నేనూ చెయ్యి పెట్టాను. కడ్డీ కాలుతోంది. నా బుష్షు నా పిన్నుని పట్టేసింది. దుమ్ము దూరి, ఇంజను మెలిపెట్టి, వేడికి కంచు ఉక్కుకి అతుక్కుపోయింది. పాత తోలు ముక్క అయితే వేలితో తోస్తే టక్కున వచ్చేది. చీలిక మేకు ఉన్నా పీకి, కడ్డీ ఊడదీసి, చేత్తో గేరు వేసేవాళ్లం. అక్కడున్నది నా రివిట్టు. జన్మలో ఊడదు. మా దగ్గర ఒక స్పానరు తప్ప రంపం లేదు, ఉలి లేదు. రాయితో కొడదామంటే చెయ్యి తిరిగే చోటు లేదు. కొట్టాను, నా వేళ్లే చితికాయి.

లోపల ఆ అమ్మాయి అరిచింది. ఆ అరుపు నాకు ఇప్పటికీ గుర్తే.

డాక్టరమ్మ తల బయటికి పెట్టింది. "ఏమైంది? ఇన్నాళ్లూ బాగానే ఉందిగా! ఎవరు దీన్ని ఇలా బిగించింది?"

నేను చితికిన వేళ్లు చొక్కాకి తుడుచుకున్నాను.

"నేనే డాక్టరమ్మా," అన్నాడు కాకా. "తమ్మి చేసినంక మొన్న జెర ఎక్కువ బిగించిన. తప్పయింది." అని నా భుజం పట్టుకుని డ్రైవరు పక్క మెట్టు దగ్గరికి నడిపించాడు. "తమ్మీ, రివర్సు ఉన్నది గదా. రివర్సుల పోదాం. బండి ఎన్క భాగం సంగారెడ్డి దిక్కే ఉన్నది. ఎక్కు."

"అయిదు మైళ్లా కాకా?"

"ఎడ్లబండి గడితె మూడు గంటలు. నడువు, ఎక్కు."

అంతలో వెనక నుంచి అత్తగారు ఒక చీర ఇచ్చి, ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్య తెర కట్టమంది. "మొగోళ్లు ఎన్కకు మల్లి సూడద్దు. నా కోడలు ఎట్లున్నదో సూస్తున్నరు గదా!" అంది. ఆమె అన్నది న్యాయమే. ఎవరూ కాదనలేకపోయారు. తెర కట్టాం. ఆ కారుకి పక్క అద్దాలు కూడా లేవు, ఇప్పుడు రివర్సులో పోవాల్సిన డ్రైవరుకి వెనక ఏమీ కనిపించదు.

నేను కాకా మొహంలోకి చూశాను. ఆయన తలపాగా విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు.

"నువ్వు మెట్టు మీద నిలబడి ఎన్కకు సూడు. కుడి, ఎడమ అనకు. ఎన్కకు పొయ్యేటప్పుడు అవి తారుమారైతయ్, నాకు గాబరైతది. బండి నీ దిక్కు రావాల్నంటె కప్పు మీద ఒక దెబ్బ కొట్టు. ఆ దిక్కు పోవాల్నంటె రెండు కొట్టు. ఆగాల్నంటె కొడ్తనే ఉండు. మాట్లాడకు. సమజయిందా?"

ఆ రైతు సైకిలు విప్పుకుని, గంట కొట్టుకుంటూ ముందు బయల్దేరాడు. ముందంటే మా వెనక. అలా కదిలాం.

పిల్లలూ, నేను ఆ తర్వాత పెద్ద పెద్ద యంత్రాలు చూశాను. పరాయి దేశాల ఇంజనీర్లను చూశాను. ఆ యాభై నిమిషాల్లో చూసినంత పనితనం మళ్లీ చూడలేదు. రివర్సు గేరు 'కూ' అని ఏడుస్తోంది. బండి మనిషి పరుగెత్తే వేగంతో పోతోంది. గుంత వస్తే ఆ అమ్మాయికి కుదుపు తగలకూడదు, నెమ్మదించాలి. నెమ్మదిస్తే టైము పోతుంది. ఆయన పాదం క్లచ్ మీద ఎంత తేలిగ్గా ఆడుతోందంటే, గుంతలోకి చక్రం దిగినట్టు నాకు కాళ్ల కింద తెలిసేది కాదు. నేను కప్పు మీద ఒకటి కొడితే బండి సరిగ్గా బెత్తెడు జరిగేది. రెండు కొడితే అటు బెత్తెడు. కళ్లు నావి, చేతులు ఆయనవి, మధ్యలో ఇనప కప్పు. వెనక్కి ఒక్కసారి తిరగలేదు. ముందుకే చూస్తున్నాడు, మేము వదిలేసి పోతున్న బాట వైపు.

మధ్యలో వాగు మీద కల్వర్టు, కాకా మాటల్లో మోరి, ఉంది. పక్క గోడలు లేవు. చక్రాలు పోగా అటు బెత్తెడు, ఇటు బెత్తెడు. దాని ముందు నేను కప్పు మీద టపటపా కొట్టి ఆపించాను. దాని మీదికి ఎక్కితే నేను నిలబడ్డ మెట్టు గాలిలో ఉంటుంది. తప్పు కొడితే వాగులోకే.

"కాకా, మీకు వెనక ఏం కనిపిస్తోంది?" అన్నాను, మాట్లాడొద్దన్నాడని మరిచిపోయి.

"ఎన్క ఏం కనవడ్తది? తెర కనవడ్తది," అన్నాడు. "నేను ముంగట సూస్తున్న. వచ్చేటప్పుడు దుమ్ముల నా చక్రాల గీతలు వడ్డయి. ఇప్పటి గీత పాత గీత మీదనే వడ్తున్నదా లేదా, గంతే సూస్తున్న. వచ్చేటప్పుడు మోరి నడిమిట్లకెల్లి వచ్చిన. గదే గీత మీద పోతం. నువ్వు చక్రం సూడు, నీళ్లు సూడకు."

నేను ముందుకు తిరిగి చూశాను. దుమ్ములో రెండు గీతలు. మేము ఇప్పటిదాకా వెనక్కి వచ్చిన రెండు మైళ్లలో నాకు కనిపించినంత మేరా ఆ గీతలు నాలుగు కాలేదు. పాత గీతల మీదే కొత్త గీతలు పడ్డాయి. అక్కడక్కడ వేలెడు తేడా, అంతే. వెంట్రుకను నాలుగుగా చీల్చామని మిడిసిపడే మేమెక్కడ, గుంతల బాట మీద, వెనక తెర అడ్డంగా ఉండగా, రివర్సులో, ఈ కొలత పట్టిన మనిషెక్కడ!

చక్రాన్నే చూశాను. ఒకటి కొట్టాను. మళ్లీ ఒకటి. రెండు. కాళ్ల కింద గాలి తెలుస్తోంది. ఒకటి. వెనక చక్రం అవతలి మట్టి తాకింది, ముందు చక్రం కూడా దాటింది. నా చొక్కా తడిసిపోయింది.

"ఊకో తమ్మీ, ఇంక మూడు మైళ్లున్నది," అన్నాడు కాకా, నేనేమీ అనకముందే.

చెరకు తోట దగ్గర రేడియేటరు ఉడికింది. పొలంలో ఆడవాళ్లు అడక్కుండానే బిందెలతో పరుగెత్తుకొచ్చారు. సంగారెడ్డిలోకి వెనక్కి నడుస్తూ వచ్చిన కారుని చూసి పిల్లలు కేకలు పెట్టారు, టీ కొట్టు దగ్గర మగవాళ్లు చప్పట్లు కొట్టి నవ్వారు. కిటికీలోంచి తెర కనిపించింది, లోపలి మూలుగు వినిపించింది. నవ్వులు ఆగిపోయాయి. ఎవరో బండి అడ్డం తీశారు, ఎవరో గేదెను లాగారు. కాకా ఆసుపత్రి గేటులోకి ఒక్క ఊపులో వెనక్కి దూరి, వెనక తలుపు సరిగ్గా మెట్ల ముందుకు వచ్చేలా ఆపాడు. ఆ ఆపడం నేను కొట్టి ఆపించింది కాదు. అది ఆయన లెక్క.

లోపలికి తీసుకెళ్లారు. మేము మెట్ల మీద కూర్చున్నాం. ఆ రైతు సైకిలు గంట మీది నుంచి వేలు తియ్యలేదు, కొట్టడమూ లేదు. ఎంతసేపు గడిచిందో తెలియదు. దేవుడా, ఈ ఇద్దరినీ ఇచ్చెయ్యి, నా ఉద్యోగం తీసుకో అని మొక్కుకున్నాను. లోపల నుంచి పిల్ల ఏడుపు వినిపించింది. పిల్లి కూనలా సన్నగా మొదలై, పెద్దదయింది. నేను కూడా ఏడ్చేశాను. సిగ్గేమీ లేదు.

అత్తగారు బయటికి వచ్చి, "ఆడివిల్ల. ఇద్దరు మంచిగున్నరు," అంది. తర్వాత కారు దగ్గరికి వెళ్లి చేతులెత్తి దండం పెట్టింది. అందరూ బండికి ముందు వైపు దండం పెడతారు. ఆమె వెనక వైపు పెట్టింది.

మర్నాడు పొద్దున బస్సు ఎక్కకుండా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. రాత్రంతా మాటలు కూడబలుక్కున్నాను. "అమ్మా, నిన్న డ్రైవరుగారు అబద్ధం చెప్పారు. బిగించింది నేను. ఆయన్ని ఏమీ అనొద్దు," అన్నాను.

ఆమె రాస్తున్న కలం ఆపలేదు. "నాకు తెలుసు. ఆయన సుత్తి పట్టగా నేనెప్పుడూ చూడలేదు. రివిట్లు కొట్టేది ఎవరు?"

"మరి నిన్ననే నన్ను ఎందుకు అనలేదండీ?"

"ఆయన ఎందుకో తన మీద వేసుకున్నాడు. ఏదో కారణం ఉంటుందని ఊరుకున్నాను. వెళ్లి ఆయన్నే అడుగు."

కాకా కారు పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. ముందు ఒక ఇనుప రంపం, ఒక గిన్నెలో ఆముదం, అందులో నానుతున్న తోలు బిళ్లలు. నా కోసమే చూస్తున్నట్టున్నాడు.

"నా మీద జాలిపడి అలా చెప్పారా కాకా?" అన్నాను.

"జాలా? నీ మీదనా?" ఆయన గట్టిగా నవ్వాడు. "తమ్మీ, నిన్న నాకు ఎన్క కండ్లు లేవు. ఉన్నయి నీ రెండు కండ్లే. ఆ ఊరి ముంగట నీదే తప్పని అంటె, ఆ కండ్లల్ల నీళ్లొస్తయ్. చేతులు వణుకుతయ్. మోరి మీద ఒకటి కొట్టేకాడ రెండు కొడ్తవు. గప్పుడు ఎవలు బతుకుతరు? అందుకే నీ తప్పు జెరసేపు నేను పట్టుకున్న. గంతే. ఇగ నీది నువ్వు తీస్కో."

అబ్బ, ఎంత మనిషండీ! పురుడు ఆగిపోయి, గేరు బిగిసిపోయి, ఊరు ఊరంతా చుట్టూ నిలబడి చూస్తుంటే, ఎదుటివాడి కళ్లు ఎంతసేపు తడవకుండా ఉండాలో కూడా లెక్క కట్టాడు. తర్వాత కాలంలో నేనూ చార్జ్‌మన్ అయ్యాను. నా విభాగంలో బెంచీల మీద మేకులు పీకించాను. యంత్రం నడుస్తుండగా ఏ కుర్రాణ్ణీ ఒక్క మాట అనలేదు. ఆగాక అన్నాను. బాగానే అన్నాను, నా దగ్గర పని చేసినవాళ్లను అడగండి.

ఆ పొద్దున కాకా రంపం నా చేతికి ఇచ్చి, బానెట్ ఎత్తి, బీడీ ముట్టించుకున్నాడు.

"ఇగ ఇప్పుడు తిడ్త," అన్నాడు. "నీ పని నువ్వు చేస్కుంట ఇను."

తిట్టాడండీ! నన్ను తిట్టాడు, నా సుత్తిని తిట్టాడు, నాకు రివిట్లు నేర్పిన ఐటీఐని తిట్టాడు. సందు విడవడం చేతగానోనికి పిల్లనెవరిస్తరని అడిగాడు. మొదట మెల్లగా మొదలుపెట్టి, మాట కల్వర్టు దాకా వచ్చేసరికి కేకలు పెట్టాడు. అప్పుడు చూశాను, బీడీ పట్టుకున్న ఆయన చెయ్యి వణుకుతోంది. నిన్న ఒక్కసారి కూడా వణకని చెయ్యి. నేను తల వంచుకుని నా రివిట్లు నేనే కోశాను. అవి అంత తేలిగ్గా తెగలేదు. గట్టి పని కదా!

ఆఖరి పిన్ను ఊడి చేతిలో పడేసరికి ఆయన తిట్లూ అయిపోయాయి. గిన్నెలోంచి ఒక తోలు బిళ్ల తీసి, ఆముదం పిండి, నా అరచేతిలో పెట్టాడు.

"జెర లూజు ఉంచు," అన్నాడు.

ఈసారి ఉంచాను.